షిఫ్టు నడుమ బండి చప్పుడు

ఈ రోజు మధ్యాహ్నం మా అక్క వాళ్ళ గల్లీ మలుపులో, చాయ్ హోటల్ ముందు, బండి ఆపుకొని నిలబడి ఉంటే, ఈ మధ్యనే క్వార్టర్ దొరికి వచ్చిన ఒక యువకుడు ఆగి, "సార్, పెట్రోల్ అయిపోయిందా? తెచ్చియ్యాల్నా?" అని అడిగాడు. అయిపోలేదన్నాను. "మరి చాలైతలేదా?" అన్నాడు. స్టార్టవుతుందన్నాను. పాత బండి మీద జాలితోనో, నా మీద అనుమానంతోనో మా ఇద్దరినీ ఒకసారి మార్చి మార్చి చూసి వెళ్ళిపోయాడు. సైరన్ కోసం ఆగానని అతనికి చెప్పలేదు. చెబితే ఎందుకని అడిగేవాడు, అడిగితే నేను చేసిన తప్పు చెప్పుకోవాల్సి వచ్చేది. అతనికి చెప్పనిది ఇక్కడ చెబుతాను. మూడేళ్ళ కిందట ఒక రెండో శనివారం నాడు, గనిలో మొదటి షిఫ్టు నడుస్తుండగా, పట్టపగలు, నేను ఈ బండినే నడుపుకుంటూ మా అక్క ఇంటికి వెళ్ళాను. తప్పంటే అదే.

ఇందులో తప్పేముందో బొగ్గు బావుల చుట్టూ పెరిగిన వాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు. మిగిలినవాళ్ళ కోసం కొంత చెప్పాలి. గని మనిషి ఇల్లు సైరన్‌తో నడుస్తుంది. మొదటి షిఫ్టు మనిషి పొద్దు పొడవకముందే సద్ది గిన్నె పట్టుకొని పోతే, మళ్ళీ మధ్యాహ్నం సైరన్ మోగి, పైకి వచ్చి, తలకు పెట్టుకున్న దీపం అప్పగించి, అప్పుడు ఇంటి దారి పడతాడు. ఆ నడుమ వేళంతా అతను భూమి కింద ఉంటాడు. ఇంట్లో ఆడవాళ్ళు బియ్యం ఏరుతారు, టీవీ చూస్తారు, నల్లా దగ్గర పక్కింటామెతో కొట్లాడతారు. కానీ ఒక చెవిని మాత్రం గల్లీ మలుపు దగ్గర వదిలేసి ఉంటారు. గల్లీలో బండ్లు తిరగవా అంటే పొద్దంతా తిరుగుతాయి. కూరగాయల ఆటో వస్తుంది, గ్యాస్ బండి వస్తుంది, రాత్రి షిఫ్టు చేసి వచ్చిన కుర్రాళ్ళు నిద్ర చాలించి షికారు పోతారు. వాటికి ఎవరూ తల తిప్పరు. షిఫ్టు నడుమ మలుపు తిరిగి, వేగం తగ్గించుకొని, ఇంటింటినీ చూసుకుంటున్నట్టు మెల్లగా వచ్చే బండి వేరు. కింద ఏదైనా జరిగితే ఆ కబురు మా దగ్గర ఫోన్లో చెప్పరు. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక కూడా చెప్పరు. మనిషే రావాలి. వచ్చినవాడు బండి దిగి, చెప్పులు విడిచి, ముందు తాగడానికి మంచినీళ్ళు అడుగుతాడు. దాహమై కాదు. ఆమె లోపలికి వెళ్ళి నీళ్ళు ముంచుకొని వచ్చే లోపల తనకు గొంతు సవరించుకునే వ్యవధి దొరకాలని, ఆమెకు గుండె గట్టి చేసుకునే వ్యవధి దొరకాలని. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. మా వాడల్లో పిల్లలు ఎక్కాల కంటే ముందు దీన్ని నేర్చుకుంటారు. నేనూ నేర్చుకున్నవాణ్ణే.

ఎందుకంటే చదువుకునే వయసులో నేను ఉన్నది కూడా ఆ గల్లీలోనే. మంథని అవతల పల్లెలో ఉన్న మమ్మల్ని వదిలి అక్క గోదావరిఖనికి కాపురం వచ్చింది. నేను కాలేజీ చదువుకు వచ్చేసరికి తన రెండు గదుల క్వార్టర్లో గోడ పక్కన నాకింత చోటు చేసింది. మా బావ గనిలో కప్పుకు దిమ్మెలు నిలబెట్టే పని చేసేవాడు. బొగ్గు తీసిన చోట పైన ఉన్న బండ కిందికి జారకుండా కర్రలు ఆనించడం. పని మీద ఉన్నంతసేపూ చేతిలో ఒక కట్టెతో కప్పును కొట్టి చూస్తూ ఉండాలి. గట్టిగా పలికితే మంచిది, బోలుగా పలికితే పక్కకు జరగాలి. ఆ అలవాటు ఆయనకు పైకి వచ్చినా పోయేది కాదు. పుచ్చకాయను అలాగే కొట్టేవాడు, తలుపును అలాగే కొట్టేవాడు, పరీక్షకు పోయే ముందు ఒకసారి నా నెత్తి మీద వేలితో కొట్టి, "బోలున్నది బామ్మర్దీ, పైలం" అన్నాడు.

బండి ఆయన పెళ్ళయిన కొత్తలో పాతదే కొన్నాడు. ముదురు ఎరుపు ట్యాంకు, వెనక రెండు పక్కలా రెండు పొడవాటి సైలెన్సర్లు. దాని విచిత్రమేమిటంటే కిక్కు కొట్టే రాడ్డే గేరు రాడ్డు కూడా. ఎడమ కాలితో కిక్కు కొట్టి, అదే రాడ్డును ముందుకు మడిస్తే గేరు అవుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు అది గారడీలా తోచింది. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోసేవాడు కాబట్టి వెనక నీలం పొగ తీగలా సాగేది. ఆ పొగ వాసన, బొగ్గుల పొయ్యి వాసన, బావ ఒంటి మీది సబ్బు వాసన కలిస్తే నాకు అది సాయంత్రం. గల్లీ మలుపు దగ్గర గేరు తగ్గించేటప్పుడు ఆ ఇంజను ఒక్కసారి ఎక్కిలి పెట్టినట్టు ఆగి మళ్ళీ అందుకునేది. అక్క ఆ ఎక్కిలి వినగానే పొయ్యి మీది వేడినీళ్ళు బకెట్లో కుమ్మరించేది. బావ వచ్చి బండి స్టాండు వేసేసరికి చన్నీళ్ళు కలిపి, పక్కన సబ్బు పెట్టి ఉండేది. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ప్రేమగా మాట్లాడుకోవడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ ఎక్కిలికి ఆ బకెట్ జవాబు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక రోజు ఆ ఎక్కిలి సైరన్ కంటే ముందు వినిపించింది. నేను అప్పటికి పెద్దపల్లి దగ్గర బడిలో పంతులుగా చేరి, వేరే ఇల్లు తీసుకున్నాను. కాబట్టి ఇది విన్నదే గాని చూసింది కాదు. అక్క, "ఇయ్యాల జల్ది వచ్చిండు" అనుకొని, నవ్వుకుంటూ నీళ్ళు కుమ్మరించిందట. బండి మీది నుంచి దిగింది బావ కాదు. బావతో జోడీగా పనిచేసే మనిషి. మేమంతా కాక అని పిలిచేవాళ్ళం. బావను కంపెనీ బండిలో దవాఖానకు పంపి, కబురు చెప్పడానికి వేరే బండి దొరక్క, బావ అంగీలో ఉన్న తాళంచెవి తీసుకొని వచ్చాడు. ముఖమంతా బొగ్గు. చెప్పులు విడిచి, "వదినా, కొన్ని మంచినీళ్ళియ్యి" అన్నాడు. అక్క లోపలికి పోలేదట. బావ కోసం తోడిన బకెట్లోనే చెంబు ముంచి ఇచ్చి, "ఉన్నడా?" అని అడిగిందట. ఉన్నాడు. కప్పు జారి ఎడమ తొడ నలిగింది, ప్రాణం దక్కింది. నెలల తరబడి మంచం మీద ఉండి, కట్టె ఊతతో లేచాడు. పనికి పనికిరాడని డాక్టర్లు రాసిచ్చారు. తర్వాత ఆయన ఉద్యోగం, వయసు వచ్చాక, వాళ్ళబ్బాయికి, అంటే నా మేనల్లుడికి, వచ్చింది. తండ్రిని మింగబోయిన గనిలోకే కొడుకును పంపాల్సి వచ్చినందుకు మా అక్క ఏడవలేదు. సద్ది గిన్నె మార్చింది. పాతది అటక మీద పెట్టి కొత్తది కొన్నది.

బండిని ఆ రోజే కాక ఇంజను ఆపి, వెనక రేకుల కొట్టంలోకి నెట్టాడు. అక్క దాని మీద పాత కన్వేయర్ బెల్టు ముక్క కప్పింది. ఆ మీద గోనె సంచులు, ఆ ముందు కట్టెలు, ఆ పక్కన పగిలిన కూలర్. కొన్నాళ్ళకు అక్కడ ఒక బండి ఉందని చెబితేనే గాని తెలియనట్టయింది. ఎడమ కాలు పనిచేయని మనిషికి ఎడమ కాలి బండి ఎందుకని అందరం అనుకున్నాం. అక్క కూడా వేరే కారణమేదీ చెప్పలేదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం గనులు, బడులు, ఆఫీసులు అన్నీ ఆగిపోయిన ఆ పెద్ద సమ్మెలో నాకు బండి గుర్తుకొచ్చింది. పొద్దున చౌరస్తాలో టెంటు కింద కూర్చొని వచ్చాక చేయడానికి పని ఉండేది కాదు. నేను అక్క ఇంటికి వెళ్ళి కూర్చునేవాణ్ణి, మేనల్లుడు ఇంట్లోనే ఉండేవాడు, బావ ఎలాగూ ఉండేవాడు. ముగ్గురు మగవాళ్ళు పొద్దస్తమానం ఇంట్లో ఉంటే ఏ ఆడమనిషికైనా చిరాకు పుట్టాలి. మా అక్కకు మాత్రం ముఖంలో ఒక కళ వచ్చింది. మధ్యాహ్నం కాసేపు నిద్రపోయేది. నాకు తెలిసి ఆమె పగటిపూట నిద్రపోవడం అదే మొదటిసారి. జీతాల్లేని రోజుల్లో ఈమెకిదేం సంబరమని నేను ఆశ్చర్యపోయానే గాని, కొడుకు భూమి మీద ఉన్నాడన్న సంగతి నాకు తట్టలేదు.

బావకు కాలక్షేపమవుతుంది, బండి బాగుచేద్దామని నేనే అన్నాను. అందరికీ అదే చెప్పాను. నిజం చెప్పాలంటే కాలేజీ రోజుల నుంచీ ఆ బండి మీద నాకు కన్ను. ఆదివారాలు కడగనిచ్చేవాడు, తుడవనిచ్చేవాడు, స్టాండు మీద కూర్చోనిచ్చేవాడు. నడపనిచ్చేవాడు కాదు. "నీకు సదువున్నది, నాకు బండున్నది. ఎవలది వాళ్ళు సూసుకుందాం" అనేవాడు. కాబట్టి ఆ ముక్క బావ మీద ప్రేమతో సగం, నా పాత కోరికతో సగం అన్నది. బావ కట్టె ఊతతో కొట్టం దాకా నడిచి, కూలర్ పక్కకు జరిపించి, బెల్టు ముక్క ఎత్తించి, చేతికర్రతో ట్యాంకు మీద ఒక దెబ్బ, ఇంజను మీద ఒక దెబ్బ కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు. "ట్యాంకుల చిలుమున్నది. ఇంజను గట్టిగున్నది. మనిషి లెక్క బోలు కాలే" అన్నాడు. అంతే, ఆయన ముఖంలో పదేళ్ళు తగ్గాయి.

ముందు ఎలుకల సంసారం ఖాళీ చేయించాం. ఇంజనుకు గాలి వడకట్టే ఫిల్టరు డబ్బాలో అవి గూడు కట్టుకున్నాయి. గూడంతా చింపిన కాగితాలు. మేనల్లుడు ఒక ముక్క వెలుతురులో పట్టుకొని చదివి, "మామా, గిది నీ రాతే గదా?" అన్నాడు. నా డిగ్రీ నోట్సు. అక్క వాటిని పాతసామాన్లవాడికి వేసిందని నేను ఏళ్ళ తరబడి అలిగి, ప్రతి పండుగకూ ఒకసారి దెప్పిపొడిచినవి. అక్క బియ్యం చాట పక్కన పెట్టి వచ్చి, గూడు కేసి చూసి, నా కేసి చూసి, "ఎలుకలన్న సదివినయి" అని వెళ్ళిపోయింది. నేను క్షమించమని అడగలేదు. ఆ మాత్రం దానికి ఏమడుగుతాంలే అనుకున్నాను.

పిస్టన్ పట్టేసింది. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో పొద్దునోసారి, సాయంత్రమోసారి డీజిలూ కిరసనాయిలూ కలిపి పోసి నానబెట్టే పని బావది. చంటిపిల్లకు మందు పోసినట్టు పోసేవాడు. గేరులో పెట్టి వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఊపే పని మేనల్లుడిది. పక్కన నిలబడి సలహాలిచ్చే పని నాది. "మామా, నువ్వు బడిల గూడ గిట్లనే నిలబడతవా?" అని ఒకసారి అడిగాడు. ఒక రోజు లోపల టక్కుమని ఏదో వదిలింది. బావ చెయ్యెత్తి అందర్నీ ఆగమన్నాడు. చేతికర్ర ఇంజనుకు ఆనించి, ఇంకో కొస చెవికి పెట్టుకొని, "కదిలింది" అన్నాడు. ట్యాంకులో గులకరాళ్ళూ కిరసనాయిలూ పోసి, చెరో పక్కా పట్టుకొని బతుకమ్మ పాట అందుకున్నట్టు ఊపాం. చిలుమంతా ఎర్రటి బురదలా దిగింది. సైలెన్సర్లలో ఏళ్ళనాటి మసి గడ్డకట్టి ఉంటే, వాటిని పెరట్లో నీళ్ళు కాచే బొగ్గుల పొయ్యిలో అడ్డంగా పెట్టి కాల్చాం. అక్క వచ్చి, "నా నీళ్ళ పొయ్యిల గీ గొట్టాలేందిరా? గివిట్ల అన్నం వండుతరా?" అని అరిచింది. అరిచిందే గాని తనే పట్టుకారు తెచ్చి వాటిని తిప్పింది. ఊళ్ళో పాత బండ్లు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉండేవాడు, అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. ఆయన వచ్చి చూసి, కార్బురేటర్ కడిగి, క్లచ్చు ప్లేట్లు విడదీసి, ఎలుకలు కొరికిన వైర్లు మార్చాడు. డైనమో కాయిలు మాత్రం కాలిపోయింది. వైండింగ్‌కు మంచిర్యాల పంపాలన్నాడు. సమ్మె కదా, దుకాణాలు ఎప్పుడు తెరుస్తారో తెలియదు. గోదావరి ఆ ఒడ్డున మా కాయిలు, ఈ ఒడ్డున మేము. మిగతాదంతా తయారై, ఆ ఒక్క ముక్క కోసం బండి ఆగింది.

ఆ రోజుల్లోనే అక్క ఒక మాట చెప్పింది. నేను పెరట్లో కూర్చొని స్పోకులు గీస్తున్నాను. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే, "తమ్మీ, బండి మంచిగ చేసుకోండ్రి. మీ బావ నవ్వవట్టె. గని నడిసేటప్పుడు మాత్రం ఇంటి మీదికి తేకు" అన్నది. నేను "అట్లనే అక్కా" అన్నాను. అప్పుడు గని నడవడం లేదు. నడవని గని గురించి చెప్పిన మాట నా చెవికి తాకి, అక్కడే జారిపోయింది.

సమ్మె ఆగింది. గనులు మొదలయ్యాయి, బడులు మొదలయ్యాయి. కొన్నాళ్ళకు మంచిర్యాల నుంచి కాయిలు వచ్చింది. బండిని ట్రాలీ ఆటోలో ఉస్తాద్ దుకాణానికి చేర్చి, నేను రెండో శనివారం కోసం ఆగాను. బడికి సెలవు. నాకు సెలవైతే లోకానికంతా సెలవేననుకునే బుద్ధి నాది. ఉస్తాద్ కాయిలు బిగించి, ప్లగ్గు తుడిచి, నన్నే కొట్టమన్నాడు. కొట్టాను, కొట్టాను, కాలు లాగింది. ఉస్తాద్ బీడీ ముట్టించుకొని, "సారూ, తిట్టినట్టు కాదు, పిలిచినట్టు కొట్టు" అన్నాడు. ఈసారి ఒక్కటే కొట్టాను. నీలం పొగ దుకాణం నిండా కమ్ముకొని, అందులోంచి ఆ చప్పుడు వచ్చింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల అని ఉస్తాద్‌తో అన్నాను.

దారంతా నేను ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదు. గల్లీ మలుపులో గేరు తగ్గించాను. ఎక్కిలి పడింది. అది పోలేదని తెలిసి గట్టిగా నవ్వాను. అక్కడి నుంచి బండిని కావాలనే మెల్లగా, ఊరేగింపులా పోనిచ్చాను. అందరూ చూడాలి కదా. చూశారు. ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చి గుమ్మాల్లో నిలబడ్డారు. ఒకామె చేతిలో పిండి ముద్ద, ఒకామె సగం జడ. నేను గర్వంగా తల ఊపాను. ఒకరిద్దరికి చెయ్యి కూడా ఊపాను. ఎవరూ నవ్వలేదు. వాళ్ళు బండిని చూడటం లేదు, అది ఏ ఇంటి ముందు ఆగుతుందో చూస్తున్నారు. నేను ఒక్కో ఇల్లు దాటుతుంటే వెనక ఒక్కో ఊపిరి వదిలిన చప్పుడు ఇంజను మోతలో నాకు వినిపించలేదు.

అక్క వాకిట్లో నిలబడి ఉంది. కాళ్ళకు చెప్పుల్లేవు. చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. లోపల గదిలో బావ ఆ చప్పుడు విని, నవ్వుకుంటూ చేతికర్ర కోసం వెతుక్కుంటున్నాడని తర్వాత తెలిసింది. ఒకే చప్పుడుకు లోపలి మనిషి లేచాడు, బయటి మనిషి కూలిపోబోయింది. నేను స్టాండు వేశాను. చెప్పులు విడిచాను. పొగ మింగి గొంతు ఎండిపోయింది. నవ్వుతూనే అన్నాను, "అక్కా, ముందుగాల మంచినీళ్ళియ్యి."

ఆ మాట అన్న క్షణంలో ఆమె ముఖం ఏమైందో నేను రాయలేను. రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుంది. "పోరడు ఏడున్నడు?" అని అడిగింది. "ఏ దవాఖానరా? ఉన్నడా?"

"ఏం కాలేదక్కా. ఏం కాలేదు. బండి చాలైంది, చూపెడదామని..."

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. ఎదురింటి అవ్వ, గల్లీలో అందరికంటే పెద్దదామె, గబగబా వచ్చి అక్క భుజం పట్టుకొని, నా వైపు తిరిగింది. "పంతులువు నువ్వు. గీ వాడల్నే పెరిగితివి. గీ యాల్లప్పుడు గీ బండి మీద వచ్చి నీళ్ళడుగుతవా? నోరెట్ల వచ్చెరా నీకు?" గుమ్మం దాకా వచ్చిన బావ ముఖంలో నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆయనకు కూడా అప్పుడే తట్టింది. "మీ అక్కకు బండి చప్పుడంటె భయం కాదురా," అన్నాడు నెమ్మదిగా, "అది ఆగుడంటె భయం."

ఏమీ కాలేదని ఎన్నిసార్లు చెప్పినా ఆ రోజు అక్క నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం నేనే. అలాంటి కబురు తెచ్చినవాళ్ళు కూడా ముందు ఏమీ కాలేదనే అంటారు. ఆమె వాకిట్లోనే కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. పొయ్యి మీద ఏదో మాడిన వాసన వస్తే బావే వెళ్ళి దించాడు. ఎండ గోడ దిగి మా కాళ్ళ మీదికి వచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను, తీసేసుకుంది. కోపంతో కాదు, ఆ చేతులకు అప్పుడు పనుంది. కొంగు మడతలు పెడుతూ విప్పుతూ ఉన్నాయి. నేను కాలేజీ చదివిన ఏళ్ళన్నీ, బావ షిఫ్టు చేసిన ప్రతి మధ్యాహ్నమూ, నేను గోడ పక్కన కూర్చొని పాఠాలు చదువుకుంటుంటే ఈమె ఇలాగే ఉందని, ఇది బయటికి కనిపించకుండా బియ్యం ఏరిందని, ఆ వాకిట్లో కూర్చుంటే గాని నాకు తెలిసిరాలేదు.

సైరన్ మోగింది. ఆమె కదల్లేదు. చాలాసేపటికి మలుపులో కుర్రాళ్ళ మాటలు వినిపించాయి. మేనల్లుడు సద్ది గిన్నె ఊపుకుంటూ వచ్చాడు. "ఏందే అవ్వా, బయట గూసున్నవ్?" అని తల్లిని అడిగాడు. తర్వాత బండిని చూశాడు, నన్ను చూశాడు, గుమ్మాల్లో ఇంకా నిలబడి ఉన్న ఆడవాళ్ళను చూశాడు. వాడికి ఎవరూ చెప్పక్కరలేకపోయింది. తల్లి ముందు గొంతుక్కూర్చొని, "నేనే, వచ్చిన" అన్నాడు. ఆమె వాడి నెత్తి మీద చెయ్యి పెట్టి, బొగ్గు అంటిన ఆ చేతిని చూసుకొని, లేచి నీళ్ళు పెట్టడానికి లోపలికి పోయింది.

ఆ సాయంత్రం నేను బండిని ఇంజను ఆపే నెట్టుకుంటూ గల్లీ దాటించాను. మర్నాడు ఆదివారం. మళ్ళీ వెళ్ళి, గల్లీ మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా ప్రతి తలుపూ తట్టి, తప్పయిందని చెప్పాను. ఇంత వయసొచ్చిన పంతులు ఇంటింటికీ తిరిగి తప్పు ఒప్పుకోవడం వాళ్ళకూ ఇబ్బందిగానే ఉంది. కొందరు చాయ్ పోశారు, కొందరు "పోనీ తియ్యి సారూ" అన్నారు. సగం జడతో నిలబడ్డ ఆమె మాత్రం తలుపు సగమే తెరిచి, విని, మళ్ళీ వేసుకుంది. ఆమెకు ఆ హక్కుంది. ఎదురింటి అవ్వ చెంబు నిండా నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టి, "తాగు. అడగకముందే ఇస్తున్న. నీ నోటెంట మల్ల ఆ మాట రానియ్య" అన్నది. తాగాను. చివర్న అక్క ఇంటికి వెళ్ళి, బండి అమ్మేస్తానన్నాను. నా లెక్కలో అదే ప్రాయశ్చిత్తం.

అక్క చాట మీది నుంచి తల ఎత్తింది. "అమ్ముతె మీ బావ మల్ల మూలకు గూసుంటడు," అన్నది. "నువ్వు చేసింది చాలు, గది గూడ చెయ్యకు." కాసేపు బియ్యం ఏరి, మళ్ళీ తనే అన్నది. "సైరనైనంక తే. ఆయన వచ్చేటి యాల్లకు ఆయనతోని తే. ఒట్టి బండి తేకు." నోట్సు సంగతి కూడా అప్పుడే చెప్పుకున్నాను. ఎలుకల గూడు చూసిన రోజే అడగాల్సిన క్షమాపణ. "అది నేను ఎన్నడో మరిచిన, నువ్వే మోసుక తిరుగుతున్నవ్" అని నవ్వింది.

అప్పటి నుంచి రెండో శనివారం మధ్యాహ్నం నా పని ఇదే. బావ చేతికర్రతో మెల్లగా మలుపు దాకా నడిచి వస్తాడు. ఇద్దరం చాయ్ తాగుతాం. ఆయన కర్రతో బండిని ఒకసారి కొట్టి వింటాడు. ఉస్తాద్ ఆ ఎక్కిలి బాగుచేస్తానని చాలాసార్లు అన్నాడు, బావ ముట్టనివ్వలేదు. కొత్త రాష్ట్రం వచ్చి, ఊరి చుట్టూ చాలా మారినా సైరన్ మాత్రం పాత గొంతుతోనే మోగుతుంది. ఈ రోజు కూడా అది మోగేదాకా ఆగి, షిఫ్టు దిగిన కుర్రాళ్ళు ముందు నడుస్తుంటే, బావను వెనక కూర్చోబెట్టుకొని, పిలిచినట్టు ఒక్క కిక్కు కొట్టాను. గల్లీలో తలుపులు తెరుచుకోలేదు. వాకిట్లో బకెట్ నిండా నీళ్ళు, ఆవిరి ఇంకా లేస్తూ, పక్కన సబ్బు. బొగ్గు మసి అంటని బావ చొక్కా విప్పి స్నానానికి సిద్ధమయ్యాడు. అక్క నాకు అడగకుండానే నీళ్ళ చెంబు అందించింది. ఆ బండి చేయని ప్రయాణాల ఏళ్ళన్నీ తిరిగి రావు. కానీ కాలం, సరైన వేళకు ఇల్లు చేరిన చప్పుడు ముందు, ఒక్క చెంబు నీళ్ళు తాగేంతసేపు ఆగుతుంది.